చలి పక్షాన

నవంబరులో ఏదో ఒక పొద్దున్న కొబ్బరినూనె సీసా అడుగున తెల్లగా పేరుకుని కనిపిస్తుంది. 24 డిగ్రీలకు అటూ ఇటూగా ఆ నూనె గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి, మా ఇంటి మటుకు వాతావరణ శాఖ ఆ సీసాయే. అది తెల్లబడ్డ రోజు నాకు పండగ. ఇక ఇడ్లీ పిండి పొంగదనీ, పెరుగు తోడుకోదనీ, బట్టలు ఓ పట్టాన ఆరవనీ తెలిసి కూడా పండగే.

మావారిది ఎండాకాలం పార్టీ. ఆ సీసాను తీసుకెళ్ళి ఎండ పడే కిటికీలో పెట్టి "మొదలైందిరా నాయనా" అని నిట్టూరుస్తారు. మామిడిపళ్ళు, ముంజలు, మల్లెపూలు, మధ్యాహ్నం నిద్ర, మనవల సెలవులు: ఆయన జాబితా ఆయనకు కంఠోపాఠం. చలికాలం పేరెత్తితే మోకాళ్ళ నొప్పి, పొడిదగ్గు, పగిలిన మడమలు. పగిలిన మడమలు నావి, ఆయనవి కావు. అయినా వాదనలోకి అవీ వస్తాయి.

బెజవాడలో పుట్టి, మళ్ళీ బెజవాడలోనే స్థిరపడ్డ మనిషి చలి ఇష్టమంటే వినేవాళ్ళకు నవ్వు రావడం సహజం. మన చలి ఏపాటిదో నాకూ తెలుసు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే తప్ప చలిగాలుల మాట ఎత్తడానికి లేదు. ఇక్కడ 18కి దిగేసరికే మా వీధి పెద్దమనుషులు మంకీ క్యాపుల్లోకి దూరిపోతారు. కాలవగట్టు మీద వాకింగ్‌లో ఎదురుపడితే గొంతు విని పోల్చుకోవాలి తప్ప మొహం కనిపించదు. లుధియానా స్వెట్టర్లు తెచ్చి రోడ్డు పక్కన కొట్లు పెట్టే టిబెట్ వాళ్ళు మాత్రం పొట్టిచేతుల చొక్కాలు వేసుకుని, అట్టముక్కతో విసురుకుంటూ, మనకు ఉన్ని టోపీలు అమ్ముతుంటారు. మనల్ని చూసి లోపల్లోపల ఏమనుకుంటారో అని నాకెప్పుడూ అనుమానమే.

సరే, చలి ఎందుకిష్టం అంటే అందరి దగ్గరా ఉండే జవాబు ఒకటుంది. చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకోవచ్చు, ఉక్కపోస్తే తోలు ఒలుచుకోలేం కదా అని. ఇది మగవాళ్ళు కనిపెట్టిన వాదన అయి ఉంటుంది. ఉక్కపోస్తే చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి వరండాలో కూర్చునే దారి వాళ్ళకుంది. మే నెలలో కూడా చీర, లంగా, జాకెట్టుతో పొయ్యి ముందు నిలబడే మనిషికి తోలు దాకా ఎందుకు, అంతకు ముందువి విప్పే వీలే లేదు. నా కారణం వేరు. అది వంటింట్లో ఉంది.

మన ఇళ్ళలో వంటగదికి ఫ్యాను ఉండదు. బిగించినా వెయ్యరు, వేస్తే స్టవ్ మంట నిలవదు. ఇల్లు కట్టించేటప్పుడు హాల్లో రెండు, పడగ్గదికొకటి అని లెక్కేసుకునేవాళ్ళకు ఈ సంగతి గుర్తుకూడా రాదు. మే నెలలో పదకొండు గంటలప్పుడు ఆ గదిలో ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను. ఒక పొయ్యి మీద కుక్కరు, రెండో పొయ్యి మీద మూకుడు. కుళాయి తిప్పితే మేడ మీద ట్యాంకులో కాగిన నీళ్ళు వస్తాయి, వాటిలో చెయ్యి పెట్టలేం. గచ్చు వెచ్చగా, గోడ వెచ్చగా, ఉప్పు డబ్బా మూత వెచ్చగా. కనుబొమ్మ మీద చెమట ఆగి, కాసేపు తటపటాయించి, కంట్లోకి జారుతుంది. వేళ్ళకు కారం ఉంది కాబట్టి తుడుచుకోలేం. మోచెయ్యి ఎత్తి, జాకెట్టు చేతికేసి కన్ను రుద్దుకోవాలి. ఈలోగా తాలింపు మాడుతుంది. ఆ గంటన్నరలో ఆ గది గుమ్మం తొక్కే మనిషి ఉండడు. మంచినీళ్ళు కావాలన్నా హాల్లోంచే కేక.

అదే గది జనవరిలో వేరే గది. పొద్దున్నే పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపిస్తే చాలు, ఒక్కొక్కరే వచ్చి చేరతారు. మా అత్తగారు ఉన్న రోజుల్లో పీట వాల్చుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ గోడకు ఆనుకునేవారు. మావారు పేపరు అక్కడికే తెచ్చుకుంటారు. పిల్లలు నోట్లో బ్రష్షుతో వచ్చి, వేణ్ణీళ్ళు కాగాయా లేదా అని గిన్నె మూత ఎత్తి చూసి, ఆ ఆవిరికి మొహం పెట్టి అక్కడే నిలబడిపోయేవారు. కాఫీ గ్లాసును ఎవరూ ఒక చేత్తో పట్టుకోరు. అందరూ అడ్డమే. తప్పుకోండి, తప్పుకోండి అని కసిరేదాన్ని. కానీ అమ్మాయి ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఊళ్ళో స్థలం అమ్మాలా ఉంచాలా అన్న పెద్ద పెద్ద విషయాలన్నీ మా ఇంట్లో చలికాలం పొద్దుళ్ళలో, ఆ పొయ్యి చుట్టూ తేలినవే. అదే మాట ఏప్రిల్లో ఎత్తి చూడండి. "తర్వాత చూద్దాం, ముందు ఆ ఫ్యాను పెంచు" అంటారు.

అందుకని ఇది నా స్వార్థమే అనుకోండి. ఎండాకాలంలో వేడి ఎవరికీ అక్కర్లేదు, వేడి దగ్గర నిలబడ్డ మనిషీ ఎవరికీ గుర్తుండదు. చలికాలంలో ఇంట్లో అందరికీ నా చోటే కావాలి.

ఈ ఊహకు రుజువు దొరికింది ఆదిలాబాదులో. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు అక్కడ పాఠాలు చెప్పాను. బెజవాడ నుంచి ఆదిలాబాదు బదిలీ అంటే అప్పట్లో మావాళ్ళు పరామర్శకు వచ్చినంత పని చేశారు. చలికి ఆదిలాబాదు పెట్టింది పేరు. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. సిర్పూర్, తిర్యాణి పేర్లు ఆ రోజుల్లో పేపర్లలో రోజూ కనిపిస్తాయి. మే వచ్చిందంటే అదే జిల్లా 45 డిగ్రీల పైకి ఎక్కుతుంది. రెండు కాలాలూ ముదిరి పాకాన పడే చోటు తెలుగునాట అంతకంటే ఇంకోటి లేదేమో. అదే వీధి, అదే మనుషులు, రెండు కాలాలు. పోల్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

మొదటి డిసెంబరుకు నేను బెజవాడ నుంచి పల్చటి శాలువా ఒకటి పట్టుకెళ్ళాను. కింద వాటాలో ఇంటి యజమానురాలు, అవ్వ, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి "గిదేం శాలువ బిడ్డా, ఎవలన్న సన్మానం చేసిన్రా?" అంది. ఆ సాయంత్రమే తన గొంగడి ఒకటి తెచ్చి మంచం మీద పడేసింది. గొర్రె ఉన్నితో కురుమలు నేసిన నల్ల గొంగడి. నేశాక చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి కొత్తలో బిరుసుగా నిలబడుతుంది. బరువు చెప్పక్కర్లేదు. మొదటి రాత్రి ఒళ్ళంతా గుచ్చుకుంది, గొర్రెవాసనకు నిద్ర పట్టలేదు. వారం తిరిగేసరికి ఆ బరువు మీద లేకపోతే నిద్ర పట్టడం మానేసింది. గొర్లకాపర్లు దాన్నే వానకు గొడుగుగా, ఎండకు పందిరిగా, రాత్రికి పరుపుగా వాడుకోవడం తర్వాత చూశాను.

అక్కడ చలికాలం సాయంత్రం ఏడింటికే బజారు కట్టేసేవారు గాని వీధి కట్టేసేవారు కాదు. సందు మొదట్లో ఒక మంట, మూలమీద ఇంకొకటి. ఎండిన పత్తికట్టె, విరిగిన కుర్చీకాలు, పాత అట్టపెట్టె, ఏది దొరికితే అది. మార్కెట్టుకు పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు, ఆటోవాళ్ళు, ఆఫీసు గుమాస్తా, పోలీసు, అందరూ దాని చుట్టూ గొంతుకూర్చునేవారు. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండీ కలగలిసి నడిచే ఆ మాటల్లో నాకు సగమే అర్థమయ్యేవి. కాలేజీ నుంచి ఆలస్యంగా వస్తున్న ఒక రాత్రి, నన్నెరగని ఒక ముసలమ్మ "ఇటు రా బిడ్డా, అటు పొగ వస్తది" అని కాస్త జరిగి చోటిచ్చింది. ఏ ఊరు, ఎవరి అమ్మాయివి అని అడగలేదు. మంట దగ్గర ఆ ప్రశ్నలు తర్వాత వస్తాయి.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశస్థులు ఎప్పుడో ముందుగానే బయల్దేరి, చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి, హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్ళు కలశంలో పట్టుకుని, మళ్ళీ నడిచే వస్తారు. వచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఏడాదిలో అన్నిటికంటే చల్లటి రాత్రుల్లో, ఆరుబయట, కుటుంబాలకు కుటుంబాలు. పొద్దున్నే పొగమంచులో పొయ్యిల వరస చూస్తూ నిలబడ్డాను. జాతరను మంచి వాతావరణం చూసుకుని పెట్టుకోవాలన్న ఆలోచన వాళ్ళకు రాలేదు, లేదా ఇదే మంచి వాతావరణం అనుకున్నారేమో.

ఇక మే నెల. అదే వీధి పొద్దున పది దాటితే ఖాళీ. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు, తలుపులకు గడియలు. చలిలో మంట దగ్గర బీడీ పంచుకున్న ఆటో మనిషి, కూరగాయల బండివాడు చిల్లర కోసం కొట్టుకునేంత పని చేశారు. నేనూ తక్కువ తినలేదు. క్లాసులో ఓ పిల్లవాడు అడిగిన మామూలు సందేహానికి అంతెత్తున లేచాను. వాడి తప్పు లేదు, నా తప్పు కూడా అంత లేదనే ఇప్పటికీ అనిపిస్తుంది. వడగాడ్పు వీస్తున్న ఊళ్ళో మర్యాద నిలబెట్టుకోవడం కష్టసాధ్యమైన పని, మనవాళ్ళు ఆ మాత్రం నిలబెట్టుకుంటున్నారంటే గొప్పే.

ఒంటికి కూడా ఎండ ముందు చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే, చెమట. లోపల 37 డిగ్రీలు దాటనివ్వకూడదు. బయట గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతసేపు వేడి దానంతటదే బయటికి పోతుంది. గాలి అంతకు మించి వేడెక్కితే తిరగబడుతుంది, బయటి వేడి లోపలికి రావడం మొదలవుతుంది. అప్పుడిక చెమట ఆవిరి కావడమే దిక్కు. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది, తక్కువేం కాదు. కాని ఆవిరి కావాలి కదా! ఆదిలాబాదు పొడి గాలిలో అవుతుంది, అందుకే అక్కడ చొక్కాల మీద తెల్లటి ఉప్పు చారలు. మా బెజవాడలో, బందరులో, కాకినాడలో గాలి అప్పటికే తేమతో బరువెక్కి ఉంటుంది. చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట బట్టలు తడపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపించే స్థితి వస్తే, నీడన కూర్చుని నీళ్ళు తాగుతున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అసలు హద్దు ఇంకా కిందే ఉందని ఆ తర్వాత వచ్చిన ప్రయోగాలు చెబుతున్నాయి. 2015 మే నెలాఖరులో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది కూలికి వెళ్ళినవాళ్ళు, ముసలివాళ్ళు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం గానీ, రోళ్ళ కంటే ముందు పగిలేవి ఉన్నాయి.

ఏసీ ఉందిగా అంటారు. ఉంది, మా ఇంట్లోనూ ఉంది. ఏసీని మొదట మనుషుల కోసం తయారుచెయ్యలేదన్న సంగతి నాకు భలే నచ్చుతుంది. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితాలు సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతే, ఆ తేమను అదుపు చెయ్యడానికి విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు దాన్ని రూపొందించాడు. కాగితం సుఖపడ్డాక మనిషి వంతు వచ్చింది. అయితే ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలో వేడిని తోడి బయట పోస్తుంది, తను వాడుకున్న కరెంటు వేడిని కూడా దానికి కలిపి మరీ. మా అపార్టుమెంటులో కింది వాటాల ఏసీ డబ్బాలు సెల్లారు వైపు తిరిగి ఉన్నాయి. ఆ సెల్లార్లోనే వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. మే రాత్రుళ్ళు ఆ డబ్బాల ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఆ పిల్లలు పుస్తకాలు పట్టుకుని గేటు బయట, వీధి దీపం కింద చదువుకుంటారు. లోపల మేం దుప్పటి కప్పుకుని పడుకుంటాం. ఎండాకాలంలో దుప్పటి! జనవరిలో ఒకరు మంట వేస్తే పదిమంది కాచుకోవచ్చు. మేలో ఒకరి గది చల్లబడాలంటే పక్కవాడి సందు వేడెక్కాలి. నా ఇష్టానికి అసలు మూలం ఇక్కడుందని అనుకుంటున్నాను.

ఇక్కడ మావారు చలివేంద్రం గుర్తుచేస్తారు. ఆ మాట ఒప్పుకోవాలి. తాటాకు పందిరి, ఇసక పరుపు మీద కొత్త కుండలు, చుట్టూ తడిగుడ్డలు, దారిన పోయేవాళ్ళకు చెంబుతో వంచి పోసే మనిషి. ఎండాకాలంలో చల్లదనాన్ని పంచుకునే పద్ధతి ఒకటి మనవాళ్ళకు తెలుసు. కుండ తన చల్లదనం కోసం ఎవరి సందునూ వేడెక్కించదు, తన ఒంటి నీటినే కాస్త ఆవిరి చేసుకుంటుంది. శ్రీరామనవమి పానకం, పందిట్లో విసనకర్రలు, ఇవన్నీ ఎండాకాలం లెక్కలో జమ చెయ్యాల్సినవే. ఇప్పుడు పందిళ్ళ మీద కుండల కంటే ఫ్లెక్సీలో ఫొటోలు ఎక్కువగా కనబడుతున్నాయన్నది వేరే సంగతి.

ఎండ ఖాతాలో జమ చేశాక చలి ఖాతాలో ఖర్చు రాయకపోతే అన్యాయం. పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్ళను అడిగితే నా వ్యాసం చించేస్తారు. సంక్షేమ హాస్టళ్ళలో పిల్లలు డిసెంబరు చీకట్లో లేచి చన్నీళ్ళు పోసుకోవడం నేను కళ్ళారా చూశాను. వేణ్ణీళ్ళ యంత్రం ఉండేది, పనిచేసేది కాదు. ఆ పిల్లలు క్లాసులో మొదటి గంటంతా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చునేవారు, పెన్ను పట్టమని నేను గట్టిగా చెప్పలేకపోయేదాన్ని. మంచు కురిస్తే నల్లరేగడిలో శనగకు మేలు. కానీ అదే మంచు ఏరకుండా మిగిలిన పత్తికి తేమ పట్టిస్తుంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన కోత, 12 దాటితే బండి వెనక్కి. మంట చుట్టూ కూర్చున్న ఆ పత్తి రైతులు నాకు కబుర్లు చెప్పడానికి రాలేదు. బండిలో పత్తి ఆరడం కోసం రాత్రంతా కాపలా ఉన్నవాళ్ళు. ఈ సంగతి నాకు తెలిసేసరికి సగం చలికాలం గడిచింది.

లెక్కలు కూడా నాకు ఎదురే. 2015లోనే లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 13 దేశాల్లో ఏడు కోట్లకు పైగా మరణాలను పరిశీలిస్తే, వేడివల్ల పోయినవాళ్ళ కంటే చలివల్ల పోయినవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అదీ గడ్డకట్టించే చలివల్ల కాదు, ఓ మోస్తరు చలివల్ల. ఎండ అయితే రోడ్డు మీద పడేస్తుంది కాబట్టి మర్నాడు పేపర్లో వస్తుంది. చలి గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో పని కానిచ్చుకుని, పేరు ఇంకో జబ్బుకు పెట్టి వెళ్ళిపోతుంది. మా అత్తగారు పోయింది కూడా ఓ జనవరి తెల్లవారుజామునే. డాక్టరు చలి అని రాయలేదు.

షికాగోలో ఉంటున్న మా అక్క కూతురు నా చలి ప్రేమను మొదటినుంచీ ఎగతాళి చేస్తుంది. 2019 జనవరి నెలాఖరులో అక్కడ సున్నాకు కింద 30 డిగ్రీలకు పడిపోయినప్పుడు వీడియో కాల్ చేసి, కిటికీ అద్దానికి లోపలివైపు కట్టిన మంచును గోటితో గీకి చూపించింది.

"పిన్నీ, మీరు చలి అంటారే, దాన్ని మేం ఇక్కడ ఏప్రిల్ అంటాం" అంది.

"చలి మనుషుల్ని దగ్గరికి చేరుస్తుందే" అన్నాను, నా పాత పాటే.

"ఎవర్ని చేర్చింది? డిసెంబరులో నాలుగున్నరకల్లా చీకటి. కారు దిగడం, ఇంట్లో దూరడం. పక్కింటావిడ మొహం మళ్ళీ మార్చిలోనే చూసేది. మీ చలికి తలుపు తీసి బయటికొస్తారు పిన్నీ, మా చలికి తలుపేసుకుంటాం."

దానికి నా దగ్గర జవాబు లేదు. అదే ఊళ్ళో 1995 జూలైలో ఎండలకు ఏడు వందల మందికి పైగా పోయారనీ, వాళ్ళలో చాలామంది కిటికీలు బిగించుకుని ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళనీ ఎక్కడో చదివింది గుర్తొచ్చింది గానీ అనలేదు. చలితో అంత కాపురం చేసిన ఊరు ఎండకు దొరికిపోవడం నా వాదనకు పనికొస్తుందనుకోండి, కానీ ఆ పిల్ల చెప్పింది దానివల్ల అబద్ధమైపోదు. నేను ప్రేమించే చలికి హద్దులున్నాయి. మంట దగ్గరికి నడిపించేంత ఉండాలి, తలుపు గడియ పెట్టించేంత ఉండకూడదు. సంక్రాంతికి చంకలెత్తనివ్వకుండా ఉండి, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోయే తెలుగు చలి. అంత చిన్న చలిని పట్టుకుని ఇంత పెద్ద మాటలు మాట్లాడుతున్నానని తెలుసు.

ఆ చిన్న చలి కూడా ఇప్పుడు సరిగ్గా రావడం లేదు. 2023లో ఫిబ్రవరి పగటి వేడి, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద ఏ ఫిబ్రవరికీ లేనంత ఎక్కువని వాతావరణ శాఖ చెప్పింది. లంబసింగికి జనం బారులు తీరడం ఇందువల్లే అయి ఉంటుంది. మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఆ చిన్న ఊరి దారిలో తెల్లవారుజామున నాలుగింటికి కార్ల వరస. సున్నా డిగ్రీలని పేపర్లో చదివి పిల్లల్ని ఎత్తుకుని వస్తారు, పొగమంచులో ఫొటో దిగుతారు, మంట వేసుకున్న చోట చిప్స్ ప్యాకెట్లు పారేసి ఎండెక్కేసరికి వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పుపట్టలేను. మనకు ఇంటి దగ్గర రావాల్సింది రానప్పుడు కొండెక్కి వెతుక్కుంటాం.

మావారి ఎండాకాలం జాబితాలో మొదటి పేరు మామిడి అని చెప్పాను కదా. ఆయనకు నేను చాలా ఏళ్ళుగా చెబుతున్న మాట ఒకటుంది. మామిడిపండు ఎండాకాలం సొత్తు కాదు. ఎండ దాన్ని పండిస్తుందేమో గానీ పుట్టించేది చలి. కార్తీకం దాటాక రాత్రుళ్ళు 15 డిగ్రీల దరిదాపులకు దిగి, కొన్ని వారాలపాటు అలా నిలిస్తే ముదురు కొమ్మల చివర మొగ్గ పూతగా తిరుగుతుంది. రాత్రి వెచ్చగా ఉంటే చెట్టు పూత సంగతి మర్చిపోయి చిగుళ్ళు వేస్తుంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి ఆ చిగుళ్ళు. రైతుకు మాత్రం వాటిని చూస్తే గుండెల్లో రాయి. ఈ లెక్కన మే నెల ఆవకాయ జాడీ కూడా డిసెంబరు పెట్టిన భిక్షే. మావారు ఇది వినడానికి ఎప్పుడూ ఇష్టపడలేదు. "శాస్త్రం చెప్పి పండు రుచి చెడగొట్టకు" అంటారు.

నూజివీడు దగ్గర మా తమ్ముడికి తోట ఉంది. అక్కడ తోటల్ని పూత మీదే గుత్తకు ఇస్తారు. జనవరిలో గుత్తదారు వచ్చి, చెట్ల మధ్య తిరిగి, తలెత్తి చూసి రేటు చెబుతాడు. ఆ తర్వాత మంచు ఎక్కువై పూత మాడినా, తేనెమంచు పురుగు పట్టినా, గాలికి పిందె రాలినా అతని అదృష్టం. మొన్న సంక్రాంతి వెళ్ళాక తమ్ముడు ఫోన్ చేశాడు. నేను కూర తరుగుతూ స్పీకరు పెట్టాను, మావారు పక్కనే కాఫీ తాగుతున్నారు.

"పూత ఏదక్కా, తోటంతా చిగురే. చలి పడితే కదా! గుత్తదారు రెండుసార్లు వచ్చాడు, చూసి వెళ్తున్నాడు, రేటు మాట ఎత్తట్లేదు."

మావారు గ్లాసు కింద పెట్టారు. ఫోను తన వైపు లాక్కున్నారు.

"అయితే ఇంకెప్పుడు పడుతుందంటావోయ్ చలి?"

"ఏం బావా, మోకాళ్ళ నొప్పులన్నారు కదా మీరు?"

"మోకాళ్ళకేం, మాత్ర వేసుకుంటాను. బంగినపల్లి చెట్లు కూడా చిగురేనా? ఆ పడమటి వైపు వరస కాస్త వెళ్ళి చూసి చెప్పు."